ఉప్పుగాలి ఊళ్లో ఉక్కు సైకిల్: ఫ్రేమ్ సొంతంగా కట్టుకోవడం ఎలా

మా అక్క ఎత్తు 152 సెంటీమీటర్లు. షాపులో దొరికిన అతి చిన్న సైజు సైకిల్ కొంది. విశాఖలో ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా వెళ్లొచ్చేసరికి మెడ పట్టేసేది, మణికట్లు తిమ్మిరెక్కేవి. సీటు ముందుకు జరిపాం, హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే స్టెమ్ పొట్టిది వేశాం. కొంచెం నయం అనిపించింది గానీ, మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం ఆమె బూటు కొసకి తగలడం మాత్రం ఆగలేదు. ట్రాఫిక్‌లో అది ప్రమాదం. అప్పుడే ఆమె కోసం ఒక ఫ్రేమ్ కట్టాలని నిర్ణయించుకున్నాను. అది నేను కట్టిన మూడో ఫ్రేమ్. మొదటి రెండూ నాకు పని నేర్పాయి. ఆ మూడింటి మీద నేర్చుకున్నదంతా మీకు వరసగా చెబుతాను.

ముందుగా ఒక మాట. సైకిల్ షాపులో ట్యూబ్ అంటే గాలి కొట్టే ట్యూబే. అందుకని ఫ్రేమ్‌కి వాడే ఉక్కు గొట్టాలను ఇక్కడ పైపులనే అంటాను. సీటు నుంచి హ్యాండిల్ వైపు వెళ్లేది పై పైపు. హ్యాండిల్ దగ్గర నుంచి పెడల్ దాకా దిగేది కింద పైపు. సీటు కింద నిలువుగా ఉండేది సీటు పైపు. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునేది ఫోర్క్, దాని కాడ దూరేది హెడ్ పైపు. పెడల్ ఇరుసు ఉండే చోటు బాటమ్ బ్రాకెట్, దాన్ని పొట్టిగా బీబీ అంటారు.

మనిషిని కొలవండి

చెప్పులు లేకుండా గోడకి ఆనించి నిలబెట్టండి. రెండు కాళ్ల మధ్య ఒక గట్టి అట్ట పుస్తకాన్ని పైకి, సీటు మీద కూర్చున్నంత బిగువుగా లాగండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవండి. ఇది కాలి లోపలి కొలత. మా అక్కకి 70 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 0.883తో గుణిస్తే బీబీ మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. మా అక్కకి అది 61.8. ఈ లెక్కతో మొదలుపెట్టవచ్చు, కానీ దీన్నే నమ్ముకుని పైపు కోయకండి. వాళ్లు ఇప్పుడు తొక్కుతున్న సైకిల్ తెప్పించి, అందులో ఏది సుఖంగా ఉందో, ఏది నొప్పి పెడుతోందో అడిగి, ఆ సైకిల్ కొలతలన్నీ రాసుకోండి. మనిషి చెప్పే నొప్పి కన్నా మంచి కొలబద్ద లేదు.

తర్వాత బూటుకి చక్రం తగిలే లెక్క. ఇది పొట్టివాళ్లకి చాలా ముఖ్యం. క్రాంక్ (పెడల్‌ని బీబీకి కలిపే చేయి) పొడవు, పెడల్ ఇరుసు నుంచి బూటు కొస దాకా దూరం, టైరుతో కలిపి చక్రం వ్యాసార్థం, ఈ మూడూ కూడండి. అక్క విషయంలో 700సి అనే పెద్ద సైజు చక్రం, 32 మిల్లీమీటర్ల టైరు అయితే 165, 95, 343 కలిపి 603 మిల్లీమీటర్లు. అంటే బీబీ నుంచి ముందు ఇరుసు దాకా అడ్డంగా అంతకన్నా ఎక్కువే ఉండాలి. అంత దూరం పెడితే హ్యాండిల్ ఆమెకి మళ్లీ అందదు. అందుకే 26 అంగుళాల చక్రం ఎంచుకున్నాను. 44 మిల్లీమీటర్ల టైరుతో వ్యాసార్థం 324 దాకా వస్తుంది, మొత్తం 584కి దిగుతుంది. ఆ 19 మిల్లీమీటర్లే ఆమె మెడని కాపాడాయి. పైగా 26 అంగుళాల టైరు, ట్యూబు మన ఊళ్లో ఏ మూల షాపులోనైనా దొరుకుతాయి.

బొమ్మ గీయండి, అసలు సైజులో

మొదటి ఫ్రేమ్‌కి ఫోర్క్ మీరు కట్టకండి, కొనండి. ఫ్రేమ్‌లో ఒక అతుకు పగిలితే చాలాసార్లు ముందుగా చప్పుడో ఊగుడో తెలుస్తుంది. ఫోర్క్ విరిగితే నేరుగా మొహం మీద పడతారు. ఆ ఫోర్క్‌ని చేతిలో పెట్టుకుని ఇరుసు నుంచి పై క్రౌన్ (రెండు కాళ్లు కలిసే చోటు) దాకా ఎంతుందో, కాడ గీత కన్నా ఇరుసు ఎంత ముందుకి జరిగి ఉందో కొలవండి. బొమ్మ మొత్తం ఈ రెండు కొలతల మీదే నిలబడుతుంది. ఫోర్క్ రాకముందే బొమ్మ గీసేవాళ్లు పని రెండుసార్లు చేస్తారు.

ఒక 8×4 అడుగుల ప్లైవుడ్ షీటుకి తెల్ల కాగితం అంటించి, అసలు సైజులో గీయండి. కంప్యూటర్‌లో గీసినా సరే, చివరికి షీటు మీదకి దించండి. పైపుని బొమ్మ మీద పెట్టి చూసుకునే సౌకర్యం స్క్రీను మీద ఉండదు. మొదట రెండు చక్రాల ఇరుసులనూ కలిపే గీత గీయండి, దాని కింద బీబీ పెట్టండి. అక్క ఫ్రేమ్‌లో ఆ దింపు 50 మిల్లీమీటర్లు. సీటు పైపు కోణం 74 డిగ్రీలు, హెడ్ పైపు కోణం 71, బీబీ నుంచి వెనక ఇరుసుకి 425, ముందు ఇరుసుకి 595.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతని నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలకి ఆనే చోటు కన్నా ముందుగా నేలని తాకుతుంది. ఆ రెంటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. చక్రం వ్యాసార్థాన్ని హెడ్ పైపు కోణం కొసైన్‌తో గుణించి, ఫోర్క్ ముందుకి జరిగిన కొలత తీసేసి, సైన్‌తో భాగిస్తే వస్తుంది. 71 డిగ్రీలు, 45 మిల్లీమీటర్ల ఫోర్క్‌కి 64 దాకా వచ్చింది. 55 నుంచి 65 మధ్య ఉంటే బీచ్ రోడ్డు అడ్డగాలికి కూడా హ్యాండిల్ నిమ్మళంగా ఉంటుంది.

పైపులు

మొదట చేతికి అలవాటు కోసం పాత ఇనుప సామాన్ల షాపులో అంగుళం, అంగుళంపావు మామూలు స్టీల్ పైపు ముక్కలు తెచ్చుకుని పది అతుకులు వేయండి. జీఐ పైపు మాత్రం తేవద్దు. దాని మీద ఉండే జింకు పూత కాలితే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే జ్వరం, వణుకు పట్టుకుంటాయి.

అసలు ఫ్రేమ్‌కి 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు) పైపు తీసుకోండి. మన పక్కనే స్టీల్ ప్లాంటు ఉంది కదా అని అడుగుతారు చాలామంది. అక్కడ తయారయ్యేది కడ్డీలూ, వైర్ రాడ్లూ, కట్టడాలకి వాడే ఉక్కూ. సైకిల్‌కి కావాల్సిన పల్చటి పైపు వేరే దారి. బయట నుంచి తెప్పించుకోవాలి, కస్టమ్స్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. రెనాల్డ్స్, కొలంబస్ కంపెనీల పైపుల చివర్లు మందంగా, మధ్యలో పల్చగా ఉంటాయి. ఈ బటింగ్ పద్ధతికి రెనాల్డ్స్ 1897లోనే పేటెంట్ తీసుకుంది. అతుకు దగ్గర మందం, బరువు పెరగకుండా మధ్యలో పల్చదనం, ఆలోచన అంతే. కానీ మధ్యలో 0.5 లేదా 0.6 మిల్లీమీటర్లే ఉండే ఆ పైపు కొత్త చేతికి కష్టం. మొదటిసారికి పొడవునా 0.9 మందం ఉన్న సాదా క్రోమోలీ చాలు. సైకిల్ ఒక పావుకిలో బరువు పెరిగితే పెరగనివ్వండి.

పై పైపు, సీటు పైపు 28.6 మిల్లీమీటర్లు, కింద పైపు 31.8. బీబీ షెల్ (పెడల్ ఇరుసు దూరే పొట్టి గొట్టం) 68 వెడల్పు, మర వేసి ఉన్నదే కొనండి. చైన్ ఉన్న వైపు మర ఎడమ తిప్పుడు అన్న సంగతి గోడ మీద రాసి పెట్టుకోండి.

అసలు పని: ఆకురాయి

ఫ్రేమ్ గట్టిదనం అంతా మంటలో ఉందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి ఫ్రేమ్‌లో పై పైపు సీటు పైపుని కలిసే చోట ఒక మిల్లీమీటరు సందు మిగిలింది. అతుక్కి వాడే ఇత్తడి పోస్తే నిండిపోతుందిలే అనుకుని నింపేశాను. చూడటానికి నున్నగా, అందంగా వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత భీమిలి నుంచి తిరిగొస్తుంటే సీటు కింద టక్ టక్ మని చప్పుడు. ఇంటికొచ్చి తుడిచి చూస్తే రంగులో వెంట్రుకంత గీత, దాని పొడవునా ఎర్రటి తుప్పు. సరిగ్గా ఆ సందు నింపిన చోటే. అందుకే మీ సమయంలో సగం ఈ పనికే పెట్టండి.

ఒక పైపు గుండ్రటి పక్కకి ఇంకో పైపు ఆనాలంటే దాని మూతిని చేప నోరులా కోయాలి. 28.6 పైపు, 36 మిల్లీమీటర్ల హెడ్ పైపుకి నిటారుగా ఆనుతుందనుకోండి. పైపు చుట్టుకొలత దాదాపు 90 మిల్లీమీటర్లు. 90 పొడవున్న కాగితం పట్టీని 12 సమాన భాగాలు చేయండి. ఒక్కో గీత దగ్గర వంపు ఎత్తు వరసగా 0, 1.5, 4.9, 7.1, 4.9, 1.5, మళ్లీ 0 అని, మిగతా సగానికీ అదే వరస. చుక్కలు కలిపి, ఆ వంపు వెంట కత్తిరించి పైపుకి చుట్టండి. అంచు వెంట సన్నటి మార్కర్‌తో గీయండి. కోణం వాలుగా ఉంటే అంకెలు మారతాయి. ఉచితంగా దొరికే టెంప్లేట్ ప్రోగ్రాములు ఆ లెక్క చేసి ప్రింటు ఇస్తాయి. ప్రింటర్ పేజీకి సరిపెట్టాలని కొంచెం కుదించేస్తుంది, స్కేలు పెట్టి చూడకుండా చుట్టకండి.

గీతకి రెండు మిల్లీమీటర్లు బయటగా హాక్సాతో కోసి, మిగతాది అర్ధచంద్రాకారపు ఆకురాయితో అరగదీయండి. వైస్‌లో పైపుని నేరుగా బిగిస్తే నొక్కుకుపోతుంది. ఒక చెక్క ముక్కకి పైపు సైజులో రంధ్రం వేసి, దాన్ని నిలువునా రెండుగా కోసి, ఆ రెండు దవడల మధ్య పట్టించండి. ఆకురాయిని ముందుకి తోసేటప్పుడే బరువు వేయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు తేలిగ్గా ఎత్తేయాలి. కొలతకి దగ్గరపడ్డాక నాలుగు తోపులకి ఒకసారి పైపుని ఎదుటి పైపుకి ఆనించి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. వెలుతురు ఎక్కడ గీతలా కనిపిస్తే అక్కడ ఇంకా ఆనలేదని. కనిపించిన చోట కాదు, దానికి ఎదురుగా ఆనుతున్న చోట అరగదీయాలి. ఈ ఒక్కటి తెలియక నేను మొదట్లో రెండు పైపులు పొట్టి చేసి పారేశాను. చుట్టూ ఎక్కడా వెలుతురు రానప్పుడు, పైపు వదిలేసినా దానంతట అది నిలబడినట్టు చేతికి తెలుస్తుంది. ఆ క్షణం వచ్చేదాకా గ్యాస్ సిలిండర్ వైపు చూడకండి.

రెండో చివర కోసేటప్పుడు అది మొదటి చివరకి మెలి పడకూడదు. పైపు మీద ఒక ఎల్ యాంగిల్ ముక్కని బోర్లించి పెడితే అది పొడవునా సరిగ్గా కూర్చుంటుంది. దాని అంచు వెంట గీత గీసుకుని, రెండు వైపులా టెంప్లేట్ మధ్య గీతని దానికే కలపండి. వేల రూపాయల సాధనం చేసే పని ఇది.

బల్ల

సమంగా ఉన్న బల్ల కావాలి. నేను శ్రీకాకుళం నీలం గ్రానైట్ మందపాటి ముక్క ఒకటి రాళ్ల షాపులో మిగులుగా తీసుకున్నాను. వంటగట్టు రాయి పాలిష్ మెరుస్తుంది గానీ అన్నీ సమంగా ఉండవు. పొడుగాటి స్టీల్ స్కేలు అంచుమీద నిలబెట్టి, వెనక లైటు పెట్టి నాలుగు దిక్కులా చూసి ఎంచుకోండి. దానికి ఒక చివర బీబీ షెల్‌ని నిలబెట్టే గట్టి స్తంభం బిగించండి, లేత్ పనివాళ్లు చేసిస్తారు. గాజువాక ఆటోనగర్‌లో బొమ్మ గీసి పట్టుకెళ్తే చాలు. కానీ సైకిల్ కోసం అని చెప్పి, ఎంత ఖచ్చితంగా కావాలో అంకెల్లో చెప్పండి. లారీ పనికి చాలే ఖచ్చితం మనకి చాలదు.

మంట

ఆర్గాన్ వెల్డింగా, ఇత్తడి బ్రేజింగా అని అడుగుతారు. షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంటు పనులు చేసిన మంచి వెల్డర్లు విశాఖలో ఉన్నారు. వాళ్ల చేతికి అలవాటైంది మందపాటి పైపు, ప్లేటు. 0.9 మిల్లీమీటర్ల పైపు మీద ఒక్క సెకను ఎక్కువ ఆగితే రంధ్రం పడుతుంది. ఇత్తడి బ్రేజింగ్‌లో ఉక్కు కరగదు, ఇత్తడి కరిగి రెంటినీ పట్టుకుంటుంది. నేర్చుకునేవాళ్లకి అది దయగల పద్ధతి, నేను దాన్నే చెబుతాను.

ఎసిటిలీన్ గానీ ఎల్పీజీ గానీ ఆక్సిజన్‌తో కలిపి వాడవచ్చు. ఎల్పీజీ అయితే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోండి. ఇంటి సిలిండర్ ఈ పనికి చట్టప్రకారం వాడకూడదు. ఆక్సిజన్ గొట్టానికీ గ్యాస్ గొట్టానికీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ (మంట సిలిండర్ వైపు వెనక్కి పాకకుండా ఆపేది) తప్పనిసరి. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కి నూనె చుక్క కూడా తగలకూడదు, నూనె చేతులతో మర తిప్పకండి. వెండి కడ్డీ వాడితే కాడ్మియం లేనిదని చూసి కొనండి. తలుపులు తీసి పని చేయండి, కానీ గాలి నేరుగా అతుకు మీదకి రాకూడదు. అందుకే నేను మంట పని పొద్దున్నే పెట్టుకుంటాను. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే మంట ఊగుతుంది.

ముందు ప్రతి మూసిన పైపుకీ మూడు మిల్లీమీటర్ల గాలి రంధ్రం వేయండి. లేకపోతే లోపలి వేడి గాలి కరిగిన ఇత్తడిని ఊది బయటికి చిమ్ముతుంది. అతుకు చుట్టూ లోపలా బయటా మెరిసేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టకండి. మన ఊరి ఉక్కకి చెమట వేలిముద్ర పడిందంటే తెల్లారేసరికి అక్కడ వేలి గీతలతో సహా ఎర్రగా తుప్పు అచ్చు వేసి ఉంటుంది. అదే రోజు అతికేయండి.

ఫ్లక్స్ (వేడికి ఉక్కు మీద మలినం పట్టకుండా కాపాడే లేపనం) దట్టంగా రాయండి. దీనిలో ముఖ్య పదార్థం వెలిగారమే, కురుపాం మార్కెట్ వైపు బంగారం పనివాళ్లు వాడేదే. మంట తగలగానే ఫ్లక్స్ తెల్లగా పొంగుతుంది, తర్వాత బెల్లంపాకం ఎండినట్టు గట్టిపడుతుంది, ఇంకా వేడెక్కితే గాజులా కరిగి పల్చగా మెరుస్తుంది. అప్పటికీ ఇత్తడి పెట్టకండి. ఉక్కు నారింజ రంగుకి రావాలి, సుమారు 900 డిగ్రీలు. మంటని మందపాటి వైపు, అంటే బీబీ షెల్ మీదా హెడ్ పైపు మీదా ఎక్కువ సేపు ఉంచి, పల్చటి పైపు మీదకి తుడుపులా తెచ్చి తీసేయండి. కడ్డీని మంటలో కరిగించి కార్చవద్దు, ఉక్కుకి తగిలించి ఉక్కు వేడికే కరగనివ్వండి. ముందు సన్నగా చుట్టూ తడిపి సందులోకి పోనివ్వండి. ఆ తర్వాతే పైన వంపు కట్టండి.

మొదట నాలుగు చుక్కలు ఎదురెదురుగా వేసి బల్ల మీద కొలవండి. తర్వాత కొంచెం ఈ పక్క, కొంచెం ఆ పక్క. చల్లారేటప్పుడు ఇత్తడి తన వైపుకి లాగుతుంది, ఒకే పక్క మొత్తం వేస్తే పైపు అటు వంగుతుంది. నా వరస ఇది: ముందు సీటు పైపుని బీబీకి, విడిగా కింద పైపుని హెడ్ పైపుకి, ఆ రెండు ముక్కల్నీ కలిపాక చివరగా పై పైపు. ఒక్కో దశకీ కొలత. చల్లార్చడానికి నీళ్లు పోయవద్దు, ఫ్యాన్ వేయవద్దు. క్రోమోలీ ఒక్కసారిగా చల్లారితే గట్టిపడి పెళుసవుతుంది.

వెనక భాగం, దారం పరీక్ష

వెనక చక్రం ఇరుసు కూర్చునే రెండు పట్టీల మధ్య దూరం మీరు కొన్న హబ్బుని (చక్రం మధ్య భాగాన్ని) బట్టి ఉంటుంది, అక్కకి 135 మిల్లీమీటర్లు. హబ్బు సైజు డమ్మీ ఇరుసు బిగించి ఉంచే అతకండి. చక్రం పెట్టి టైరుకి రెండు పక్కలా కనీసం ఆరు మిల్లీమీటర్లు ఖాళీ ఉందో చూడండి. బురద, మడ్‌గార్డ్, తర్వాత కొనబోయే లావు టైరు, అన్నిటికీ అదే చోటు.

ఇప్పుడు ఒక గట్టి దారం తీసుకుని ఎడమ వెనక ఇరుసు పట్టీకి కట్టి, హెడ్ పైపు ముందు నుంచి చుట్టి, కుడి పట్టీకి లాగి కట్టండి. సీటు పైపు నుంచి రెండు పక్కలా దారానికి ఎంత దూరమో వెర్నియర్‌తో చూడండి. ఒక మిల్లీమీటరు లోపు తేడా ఉంటే సంతోషించండి. రెండు దాటితే సైకిల్ చేతులు వదిలినప్పుడు ఒక పక్కకి లాగుతుంది. కొద్దిపాటి తేడాని చల్లగా ఉన్నప్పుడు మెల్లగా వంచి సరిచేయవచ్చు, పెద్ద తేడా అయితే అతుకు విప్పి మళ్లీ వేయాలి.

సీటు పైపు లోపలిని 26.8 మిల్లీమీటర్ల సీటు పోస్టుకి సరిపడా రీమర్‌తో (రంధ్రం లోపల గీసి నున్న చేసే పనిముట్టు) నున్న చేయించి, బిగింపు చీలిక కొసలో చిన్న రంధ్రం పెట్టండి, చీలిక పగులుగా సాగకుండా.

ఉప్పుతో పోరాటం

ఫ్లక్స్ లోపల మిగిలితే అది తడి పీల్చుకుని పైపుని లోపల నుంచే తింటుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో వేడినీళ్లు పోసి ఫ్రేమ్‌ని రాత్రంతా నాననివ్వండి, గాజులా అంటుకున్న వెలిగారం మెత్తబడుతుంది. బ్రష్షుతో లోపలా రుద్ది, మంచినీళ్లతో కడిగి, వెంటనే ఎండలో పెట్టండి. ఇత్తడి వంపుని నున్న చేసేటప్పుడు ఆకురాయి పక్కనున్న ఉక్కులోకి గాడి కోయకుండా పక్కన టేపు చుట్టుకోండి. 0.9లో పావు వంతు పోయినా పైపు అక్కడే విరుగుతుంది.

రంగుకి ముందు జింకు ఎక్కువున్న ప్రైమర్, దాని మీద పౌడర్ కోటింగ్ చేయించండి. పౌడర్ కోటింగ్ 180 నుంచి 200 డిగ్రీల పొయ్యిలో కాలుతుంది, ఇత్తడి అతుక్కి ఏమీ కాదు. ఇసుక బ్లాస్టింగ్‌కి ఇస్తే పల్చటి పైపు, ఒత్తిడి తగ్గించమని గట్టిగా చెప్పండి. మరలన్నీ మూయించండి. రంగు తర్వాత గాలి రంధ్రాల్లోంచి మరిగించిన అవిసె నూనె పోసి, ఫ్రేమ్‌ని అన్ని వైపులా తిప్పి, మిగిలింది వంపేయండి. కొన్ని రోజుల్లో లోపల పొరలా ఎండుతుంది. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. ఆరుబయట విడదీసి ఆరేయండి. బీబీ అడుగున ఒక రంధ్రం తెరిచే ఉంచండి, వాన నీళ్లు దిగిపోవాలి.

సైకిల్ బిగించాక మొదటి వారం మీరే తొక్కండి, సమతలం మీద. ఒకటో రెండో చిన్న గుంతలెక్కించండి. యాభై కిలోమీటర్లయ్యాక ప్రతి అతుకునీ తుడిచి, టార్చి వెలుగులో వేలితో తడిమి చూడండి. కైలాసగిరి దిగడం, సింహాచలం కొండ ఘాట్ ఆ తర్వాతే. బీచ్ రోడ్డు నుంచి వచ్చిన ప్రతిసారీ ఒక బకెట్ మంచినీళ్లతో కడగండి, ముఖ్యంగా బీబీ అడుగున.

అక్క తన ఫ్రేమ్‌కి పసుపు రంగు వేసుకుంది. ఇప్పుడు ఆదివారాలు రుషికొండ దాటి మంగమారిపేట దాకా వెళ్లి, ఇంటికి రాగానే సైకిల్ కన్నా ముందు తన మెడ తిప్పి చూసుకుంటుంది.